రేపల్లె ఐసు, బాపట్ల ఐసు

మా బావగారు పోయారు. పోయిన ఆదివారం, తెనాలి ఆసుపత్రిలో, ఊపిరి అందక. మా అక్క ఎస్టీడీ బూత్ నుంచి బాపట్లకు ఫోన్ చేసి "మీ బావ లేరురా" అంది. ఆ తర్వాత ఏం చెప్పిందో నా చెవికెక్కలేదు. రేపల్లెలో సమాధి దగ్గర పాస్టరు గారు ఆయన్ని "వ్యాపారంలో ఓటమి ఎరగని మనిషి" అన్నారు. పెద్దాయన, ప్రేమతోనే అన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. మా బావగారు ఓడిపోయారు. పక్కనే ఉండి చూసినవాణ్ణి కనుక రాస్తున్నాను.

ఎనభైల్లో రేపల్లెలో మా ఇద్దరికీ కలిపి ఒక ఐసు ఫ్యాక్టరీ ఉండేది. నిజాంపట్నం హార్బరు నుంచి వేటకెళ్లే బోట్లకు ఐసు మేమే పంపేవాళ్లం. ఉన్నట్టుండి కొన్ని బోట్లవాళ్లు బాపట్ల ఫ్యాక్టరీలో కొనడం మొదలుపెట్టారు. నేను వాళ్లను తిట్టుకుంటూ కూర్చున్నాను. బావగారు మాత్రం బాపట్ల నుంచి ఒక ఐసు దిమ్మ కొనుక్కొచ్చి, మా దిమ్మ పక్కన ఎండలో పెట్టించి, ఎదురుగా కుర్చీ వేసుకున్నారు. పనివాళ్లు చుట్టూ చేరి పందేలు కాసుకున్నారు. మాదే ముందు కరిగిపోయింది.

"చూశావుగా. వాళ్లేం చేస్తున్నారో అడిగొద్దాం పద."

"పోటీవాడు చెప్తాడా? మీకేమన్నా పిచ్చా బావా?"

"అడక్కపోతే అసలే చెప్పడు కదరా!"

ఆ ఫ్యాక్టరీ ఆసామి కాఫీ ఇచ్చి మరీ చెప్పాడు. నీళ్లను తొందరపెట్టకుండా నెమ్మదిగా గడ్డకట్టనిస్తే ఐసు గట్టిగా వస్తుందట. మేమూ అలాగే చేశాం. ఈసారి మా దిమ్మే ఎక్కువసేపు నిలిచింది. బావగారు అందరికీ మైసూర్ పాక్ పంచారు. ఆ సీజనులోనే మిగిలిన బోట్లు కూడా మమ్మల్ని వదిలేశాయి.

ఏం జరిగిందో తెలియక హార్బరుకు పరిగెత్తాం. సొంత బోట్లున్న ఒకావిడ చేపల తట్ట దించుతూ మొహం మీదే చెప్పేసింది.

"మీ ఐసు రాయేనండి, కాదనట్లేదు. పోటు మీద నీళ్లు నిండినప్పుడే బోటు కదలాలి కదండీ? మీ లారీ వచ్చేసరికి మా వాళ్లు సముద్రంలో ఉంటన్నారు. ఆ ఐసు ఎవరి నెత్తిన పోసుకోమంటారండీ?"

నెమ్మదిగా గడ్డకట్టే ఐసు ఆలస్యంగా తయారవుతుంది. అందుకే బాపట్లవాళ్లు ఒక రోజు ముందే పని మొదలుపెట్టేవాళ్లు. మేం ఆ సంగతి అడగనే లేదు. ఫ్యాక్టరీకి తిరిగొచ్చాక బావగారు పనివాళ్లందరినీ కూర్చోబెట్టి, "తప్పు నాది. ఐసు ఎంతసేపుంటుందో చూసుకున్నాను గానీ, ఆవిడకి ఎప్పుడు కావాలో చూడలేదు," అన్నారు. యజమాని అలా అనడం వాళ్లు ఎప్పుడూ వినలేదు, నేనూ వినలేదు. అప్పటినుంచి ఎవరి పద్ధతి చూసొచ్చినా, ముందు హార్బరుకెళ్లి బోట్లవాళ్లను అడిగేవారు. బోట్లు తిరిగొచ్చాయి. కొన్నేళ్లు బాగా బతికాం. నా నోటి దురుసు కాస్తయినా తగ్గిందంటే ఆయన చలవే.

తొంభైల్లో హార్బరును ఆనుకునే కొత్త ఐసు ప్లాంటు వచ్చింది. బావగారు వారం రోజులు అక్కడికి తిరిగి, వాళ్ల యంత్రం, మనుషులు, పనివేళలు అన్నీ మావాటితో సరిచూశారు. తిరిగొచ్చి నన్ను పిలిచారు.

"అన్నిట్లోనూ సమానంగానే ఉన్నాంరా. మనకీ హార్బరుకీ మధ్యలో రోడ్డుంది. దాన్నేం చేస్తాం?"

"ఇంకో సీజను చూద్దాం బావా," అని గొడవపడ్డాను.

"వాళ్లు ఇప్పుడే మనుషుల్ని తీసుకుంటున్నారు. ఇంకో సీజను ఆగితే మనవాళ్లకి ఆ చోటు కూడా దొరకదు."

ఫ్యాక్టరీ మూసేశాం. ఆ రోజు ఆయన భోజనం చేయలేదని మా అక్క చెప్పింది. మర్నాడు పనివాళ్లను వెంటబెట్టుకుని, మమ్మల్ని ముంచిన ఆ ప్లాంటుకే వెళ్లారు. నేనూ వెళ్లాను. "మీవాళ్ల పక్కన నిలబెట్టి చూడండి. లారీకి దిమ్మలు ఎవరు త్వరగా ఎక్కిస్తారో మీకే తెలుస్తుంది," అన్నారు ఆ యజమానితో. మావాళ్లు ప్రాణం పెట్టి దిమ్మలు లాగారు, లారీ ఎక్కించారు. ఆ యజమాని మెచ్చుకుని, అందరినీ తీసుకున్నాడు, ముగ్గురు ముసలివాళ్లను తప్ప. బావగారు బతిమాలారు. ఆయన ఒకరిని బతిమాలగా నేను చూసింది అదొక్కసారే. ఆ యజమాని తల అడ్డంగా ఊపాడు.

ఆ ముగ్గురితో రేపల్లె బస్సెక్కాం. వాళ్లలో పెద్దాయన ఫ్యాక్టరీ పెట్టిన రోజు నుంచీ మాతో ఉన్నవాడు. కాసేపటికి మెల్లగా అడిగాడు.

"మమ్మల్ని ఆ కుర్రోళ్ల పక్కన ఎందుకు నిలబెట్టారు బాబూ?"

బస్సులో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. బావగారు మాత్రం లేచి, రేపల్లె వచ్చేదాకా ఆ ముగ్గురి పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నారు.