మోటారుకు జ్వరం చూసిన చెయ్యి

నిన్న మా మిక్సీ కాలింది. వార్నిష్ మాడిన వాసన తగలగానే ఒక మహావీరుడి గాథ రాయాలనిపించింది. కరువు, పోరాటం, త్యాగం అన్నీ ఉంటాయనుకుని కూర్చున్నాను. లేవు. ఉన్నది పావగడ తాలూకా వై.ఎన్.హొసకోటలో మోటార్లు వైండింగ్ చేసే నరసింహప్ప మామ, మా బావి మోటారు, నా తొందర.

ఆ ఏడాది వానలు మొహం చాటేశాయి. రెండెకరాల వేరుశనగ ఊడలు దిగే వేళకు నేల రాయైంది. ఊడ దిగకపోతే కాయ లేదు. బావిలో నీళ్లున్నాయి, మోటారుకు కావలసిన మూడు ఫేజుల కరెంటే లేదు. పగలంతా బల్బు వెలగడానికి సరిపోయే సింగిల్ ఫేజు వచ్చేది. మామ సైకిలుకు కండెన్సరు కట్టుకొచ్చి, లేని ఫేజుల లోటు తీర్చేలా దాన్ని మోటారుకు తగిలించాడు. మోటారు మూలిగి, తిరిగింది. నేను ఈల వేశాను. ఆయన మాత్రం నీళ్ల పైపుకున్న గేటువాల్వు సగం మూసి, బిడ్డ నుదురు చూసినట్టు మోటారు మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాడు.

"కుంటెద్దుతో దున్నుతా ఉండాం ఓబులేసూ. సగం నీళ్లే అడుగు. చెయ్యి పెట్టలేనంత కాలితే ఆపెయ్."

"సగం నీళ్లకు సగం కాయలే కద మామా?"

"సగమన్నా కాయనీప్పా."

ఆయన సైకిలు మలుపు తిరగగానే వాల్వు మొత్తం తిప్పేశాను. నీళ్లు గంటసేపు ఘనంగా దూకాయి. తర్వాత ఈ వార్నిష్ మాడిన వాసనే.

మర్నాడు మామ వచ్చి వాల్వు చూశాడు. "ఎవురప్పా తిప్పినది?"

"గాలి మామా."

"మంచి గాలే. ఆకు కదల్లేదు గానీ వాల్వు తిరిగినాది."

తిట్టలేదు. తిట్టి ఉంటే ఇంకో జోకు వేసి తప్పించుకునేవాణ్ణి. మోటారును అంగడికి తీసుకెళ్లి, కాలిన రాగి తీగ నా చేతే విప్పించాడు, కొత్తది నా చేతే చుట్టించాడు. మూడు రోజులు పట్టింది. అంతలో పై ఎకరా ఎండిపోయింది. తర్వాత సగం వాల్వుతో, చెయ్యి కాలినప్పుడల్లా ఆపుతూ, కింది ఎకరా తడిపాను. అదొక్కటే కాసింది.

మామ ఇప్పుడు లేడు. నాకు బతకడం నేర్పాడని రాస్తే, "నీకు వైండింగే సరిగ్గా రాలేదు కదప్పా" అనేవాడు. నిజమే. కానీ ఏ పనైనా మరీ జోరుగా సాగుతుంటే, ఇప్పటికీ నా చెయ్యి దాని వేడి చూడడానికి పోతుంది. ఆ కండెన్సరు మా అటక మీదే ఉంది.

కరెంటు తీసేశాక కూడా కండెన్సరు షాకు కొడుతుంది. ముట్టుకునే ముందు చెక్కపిడి స్క్రూడ్రైవరుతో దాని రెండు కొనలూ కలపాలి.