మా నాయిన పెద్దనాయినను చంపిన ఆదివారం

మా చిన్నప్పుడు... ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం బడి వరండాలో మా నాయిన మొహానికి రంగు పూసుకుంటుంటే, నేను ఆయన పక్కనున్న కత్తి అంచును వేలితో తడిమి చూస్తున్నాను. చెక్కదే. అయినా నమ్మకం కుదరక ఇంకోసారి తడిమాను.

ఎందుకంటే ఆ రోజు నాటకంలో మా నాయిన చంపాల్సింది సొంత అన్నను, మా పెద్దనాయినను. వాళ్ళిద్దరికీ మూడేళ్ళుగా మాటల్లేవు.

పటాన్‌చెరు పక్క ఊళ్ళ పొలాలు కంపెనీల కింద పోతున్న రోజులవి. మా పొలమూ చాలావరకు పోయింది. భూమి ఇచ్చిన ఇంటికి ఒక్క నౌకరి అన్నారు. పదో తరగతి పాసైన మా నాయిన అది తనకే అనుకున్నాడు. పట్టా పెద్దనాయిన పేరు మీద ఉండటంతో నౌకరీ ఆయనకే వచ్చింది. ఆయన ఖాకీ బట్టలు తొడుక్కుని కంపెనీ బస్సెక్కిన వారానికే మా వాకిలి నడుమ గోడ లేచింది. గోడకు అటు పెద్దనాయిన బిడ్డ స్వరూప, ఇటు నేను... దొంగచాటుగా చింతకాయలు విసురుకోవడమే మా స్నేహం.

అంతకుముందు ఊళ్ళో నాటకమంటే తెల్లవార్లూ ఆడేవారట. షిఫ్టులొచ్చాక ఆ ముచ్చట పోయింది. అందరికీ కలిసొచ్చేది ఆదివారం పగలే.

కథేమిటంటే... అన్న రాజు. మంత్రి చాడీలు విని తమ్ముడి మీద లేనిపోని నింద వేసి అడవులకు తోలేస్తాడు. తమ్ముడు పిచ్చివాడిలా నటిస్తూ తిరిగొచ్చి అన్నను చంపుతాడు. చంపాక తెలుస్తుంది, కుట్రంతా మంత్రిదేనని. అప్పుడు నిజంగానే పిచ్చెక్కుతుంది.

ఆ రెండు వేషాలూ మావాళ్ళిద్దరికే ఇప్పించింది కొత్తింటి పటేలు. సర్పంచు కావాలని ఆయనకు మహా తహతహ. మావాళ్ళు ఒక్కటై పెద్దనాయిన పోటీకి దిగితే మా వాడకట్టు ఓట్లన్నీ ఆయనకే పడతాయని భయం. అందుకే షామియానా తనే వేయించాడు, కిరీటాలు జోగిపేట నుంచి కిరాయికి తెప్పించాడు. ఇంట్లో పగ చల్లారకుండా చూసుకోవడానికి ఇంతకంటే సులువైన దారి ఏముంటుంది? ఈ సంగతి ఊరందరికీ తెలుసు, మా నాయినకూ తెలుసు. అయినా ఒప్పుకున్నాడు. పది మంది ముంగట సంపే మోకా మల్ల దొరుకతదా అన్నాడట అమ్మతో. అమ్మ ఆ రోజే ఇంట్లో కొడవళ్ళన్నీ అటక మీద దాచేసింది.

ఆట నేర్చుకుంటున్న ఆ నెలంతా మా ఇంట్లో ఎవరికీ నిమ్మళం లేదు. నాయిన బర్రెకు గడ్డి వేస్తూ పిచ్చినవ్వు నవ్వేవాడు. బువ్వ కలుపుతూ మధ్యలో ఆపి, గోడ వైపు తిరిగి పద్యం ఎత్తుకునేవాడు... అవతలి వాళ్ళకు వినపడాలని గొంతు పెంచి మరీ. ఒక సాయంత్రం గోడ అవతలి నుంచి జవాబు పద్యం వచ్చింది. నాయిన చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. ఇక రోజూ అదే వరస. మంచీచెడూ పలకరించుకోని అన్నదమ్ములు గోడ మీదుగా ద్రోహీ అంటే మూర్ఖుడా అని తిట్టుకుంటుంటే నాకు పండగలా ఉండేది. ఎట్లాగోలా మాట్లాడుకుంటున్నారు కదా!

ఆట రోజు అన్నీ సవ్యంగానే జరిగాయి. నాయిన పొడిచాడు, పెద్దనాయిన పడ్డాడు. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది.

మా ఊరి నాటకానికి ఒక పట్టింపు ఉంది. ఆటలో చచ్చినవాడు తనంతట తాను లేవకూడదు. చంపినవాడే చెయ్యిచ్చి లేపాలి, లేకుంటే ఇంటికి అరిష్టం. మా నాయిన ఆఖరి పద్యం పాడి, కత్తి విసిరేసి, స్టేజీ దూకి వెళ్ళిపోయాడు. లేపలేదు.

జనం లేచారు. పెద్దనాయిన లేవలేదు. షామియానా జనం మీదే ఉంది, స్టేజీ మీద లేదు. ఎండకు రంగు కరిగి ఆయన చెవుల్లోకి కారుతోంది. నాటకం నేర్పిన పంతులు బతిమాలాడు. పటేలు స్వయంగా వచ్చి, ఆట అయిపోయింది లెమ్మన్నాడు.

"వాడే రావాలె," అన్నాడు పెద్దనాయిన కళ్ళు తెరవకుండానే.

అమ్మ నన్ను నాయిన కోసం ఉరికించింది. ఒకప్పుడు మా పొలం ఉన్నచోట, కంపెనీ ప్రహరీ నీడలో కూర్చుని ఉన్నాడు. మొహం మీద రంగు అట్లాగే ఉంది.

"పెద్దనాయిన లేస్తలేడు," అన్నాను.

"ఆయనకేంది, నౌకరున్నోడు. లేస్తడు."

నువ్వే రావాలంటున్నాడని చెప్పాను. ఆయన గడ్డిపోచలు తెంపుతూ కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చేసింది... ఇవాళ వీళ్ళు కలవకపోతే ఇక జన్మలో కలవరని, నాకు స్వరూప లేనట్టేనని. అప్పుడు నాయిన నా వైపు చూడకుండానే అడిగాడు.

"ఎండల్నే ఉన్నడా?"

నేను తలూపాను. అంతే, లేచి ఉరికాడు. కాళ్ళ గజ్జెలు కూడా విప్పకుండా... ఆయన్ని అందుకోవడం నా వల్ల కాలేదు. నేను చేరేసరికి పెద్దనాయిన లేచి కూర్చుని, నాయిన తెచ్చిన చెంబుతో నీళ్ళు తాగుతున్నాడు. ఇంతసేపా అని తమ్ముడి మీద విసుక్కున్నాడు. నాయిన అన్న తల మీది కిరీటం తీసి పక్కన పెట్టి, తన కండువాతో ఆయన మొహం తుడుస్తున్నాడు.

నౌకరి పెద్దనాయినదే అయింది. గోడ కూలలేదు. సర్పంచు పటేలే అయ్యాడు. అయినా ఆ సాయంత్రం స్వరూప మా ఇంట్లో నా కంచంలో తిన్నది, ఎవరూ ఏమీ అనలేదు.

ఇప్పుడు నేనూ స్వరూపా తెల్లాపూర్‌లో ఎదురెదురు టవర్లలో ఉంటాం. మిగిలిన చారెడు భూమి వాటాల దగ్గర మాటామాటా పెరిగి రెండేళ్ళవుతోంది. అప్పట్లో కోపమొస్తే ఊరంతా వినపడేది, ఎవరో ఒకరు మధ్యలోకి వచ్చేవారు. ఇప్పుడు ఫోన్‌లో నంబరు బ్లాక్ చేస్తే అయిపోయింది... పక్కింటికి కూడా తెలియదు. ఆమె బాల్కనీలో లైటు వెలిగితే చాలు, నాకు ఒకచోట కాలు నిలవదు.

మీ ఇళ్ళల్లో మాటలు పోయినవాళ్ళు మళ్ళీ ఎట్లా కలిశారో రాయండి. మొదటి మాట ఎవరన్నారు, ఏమని అన్నారు... అది మాత్రం తప్పకుండా రాయండి. నాకు అవసరం పడింది.