ఎడమ మర

లెక్కల మాస్టారిగా రిటైరయ్యాక మా పశువుల పాకలో ఒక పాత లేత్ మిషన్ పెట్టుకున్నాను. తిరిగే ఇనుప కడ్డీ మీద మరలు కోయడమంటే నాకు పిచ్చి. టూల్ అదే గాడిలో మళ్ళీ మళ్ళీ నడిచి, చివరికి నట్టు వేళ్ళతోనే సాఫీగా ఎక్కిందంటే ఆ పూటకి నాకు అన్నం అక్కర్లేదు. "ఊళ్ళో మొగుళ్ళకి పేకాట, మా ఆయనకి మరలు" అని మా ఆవిడ చుట్టాలతో అనేది.

సెంటర్లో జిరాక్స్ కొట్టు నడిపే అతనికి చిన్నప్పుడే పోలియోతో కాళ్ళు చచ్చుబడ్డాయి. చేతులతో తిప్పే మూడు చక్రాల బండి మీదే కాలవ గట్టు వెంట కొట్టుకి వస్తాడు. ఒకసారి ఎడమ చేతి పిడి ఊడిపోయి కొట్టు మూతపడింది. అలాంటి పాత సామాను తణుకులో కూడా దొరకలేదని తెలిసి, తగుదునమ్మా అని నేను బయల్దేరాను. పిడి, దాని ఇరుసు, అది బిగిసే బుష్ మూడూ చేసి బిగించాను. బ్రహ్మాండంగా ఉందన్నాడు. ఆ నెలంతా ఊళ్ళో ఎవరు కనబడినా నా మరల గొప్పే చెప్పాను.

ఒక మధ్యాహ్నం వంతెన దగ్గర అతన్ని చూశాను. ఎత్తు మధ్యలో బండి ఆపి, వెనక్కి జారకుండా ఒక చేత్తో చక్రం పట్టుకుని, రెండో చేత్తో పానా పెట్టి నేను చేసిన పిడి బిగించుకుంటున్నాడు. కింద నిండు కాలవ.

అప్పుడు వెలిగింది. సైకిల్ పెడల్‌కి లాగే ఎడమ పిడికి మర ఎడమకే తిరగాలి. నేను మామూలు కుడి మర కోశాను, అది బండి తిప్పినకొద్దీ వదులవుతుంది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే. రోజూ ఇలా ప్రాణాల మీదికి తెచ్చుకుంటూ ఎందుకు చెప్పలేదని కసురుకున్నాను.

"అంత కష్టపడి చేసిపెట్టారండి. బాగోలేదని ఎలా అంటామండి?"

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఊరంతా తిరిగి నేను కొట్టిన గొప్పలే అతని నోరు కట్టేశాయి.

మర్నాడు టూల్‌ని ఎదురు దిశలో నడిపి ఇరుసుకీ బుష్‌కీ ఎడమ మర కోశాను. చేతులు పాత అలవాటుకే పోయి రెండు కడ్డీలు పాడయ్యాయి. మూడోది కుదిరింది. బిగించి, వంతెన దాటేదాకా బండి పక్కనే నడిచాను. పిడి కదల్లేదు. అవతల దిగాక అతను ఏదో అనబోయి ఆగాడు. చెప్పమన్నాను.

"ఏమీ అనుకోకండి మాస్టారూ. పిడి కొంచెం లావైందండి, అరచెయ్యి నెప్పెడుతోంది."

మొట్టమొదటిసారి నా పనికి వంక పెట్టాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. బండి మళ్ళీ మా ఇంటివైపు తిప్పమన్నాను.