పేరు పెట్టి ప్రార్థించిన పేజీ

ప్రతి ఉదయం ముఖమైనా కడుక్కోకుండానే సైటు బాబాయి ఫోను తీసి ఒక పరాయి అమ్మాయి పేరు కొట్టి వెతికేవాడు. వచ్చింది చూసి, నిట్టూర్చి, ఫోను బోర్లించేవాడు.

పొయ్యి దగ్గర నుంచి భార్య అడిగేది. "ఉందా, పోయిందా?"

"ఉంది."

"ముందు పళ్ళు తోముకోండి. మీరు తోముకోకుండా కూర్చున్నంత మాత్రాన అది పోదు."

ఆయనకు నవ్వు వచ్చేది కాదు. ఆ పేరు కింద కనబడే ఒక్క వాక్యం ఆ అమ్మాయి నోటి దగ్గర కూడు తీసేసింది. ఆ వాక్యం రాసినవాడు తనే.

నిజానికి ఆయన వెబ్‌సైట్లు కట్టే మనిషి కాదు. పంపులు తయారుచేసే కార్ఖానాలో స్టోర్‌కీపరు. బోల్టు నుంచి బేరింగు దాకా ప్రతిదానికీ పేరు రాసి చీటీ కట్టడం ఆయన ఉద్యోగం. పోనుపోను అదే స్వభావమైంది. ఇంట్లో పప్పుల డబ్బాలకే కాదు, గొడుగుకూ చీటీ ఉండేది. "నా మెడలోనూ ఒకటి కట్టండి, తప్పిపోతే ఎవరైనా తెచ్చి దింపుతారు" అనేది ఇల్లాలు.

కార్ఖానా మూతపడ్డాక, ప్రార్థన మందిరం వెనకగదిలో మంగళవారం మంగళవారం కూడే ఉద్యోగాల క్లబ్బుకు వెళ్ళాడు. పని పోయినవాళ్ళు మడత కుర్చీలు గుండ్రంగా వేసుకుని, ఎక్కడ ఖాళీలున్నాయో ఒకరికొకరు చెప్పుకుని, చివర్లో ఒకరి కోసం ఒకరు ప్రార్థించుకునే చోటు అది. ఎవరో ఇచ్చేసిన పాత కంప్యూటరు ఒక మూల ఉండేది. దాని పక్క కుర్చీలో కూర్చున్న పాపానికి మందిరం పెద్దాయన ఈయన వైపే చూసి, "మనకూ ఒక వెబ్‌సైటు ఉంటే బాగుంటుంది కదా నాయనా" అన్నాడు. కాదనడం ఈయనకు చేతకాదు.

మొదటి పేజీ ముదురు నీలం మీద పసుపు అక్షరాలతో, అటూ ఇటూ పరుగెత్తే వరుసలతో వెలిసింది.

"గురువుగారూ, కళ్ళ డాక్టరుతో ఏమైనా ఒప్పందమా?" అన్నాడు క్లబ్బుకు వచ్చే ఒక వ్యాను డ్రైవరు. గదంతా నవ్వింది. వారం తిరిగేసరికి తెల్లని పేజీ, కదలని అక్షరాలు వచ్చాయి. ఆయనకు సైటు బాబాయి అన్న పేరూ వచ్చింది.

తరువాత ఖాళీల పేజీ పెట్టాడు. పెట్టడమే గాని, నిండిపోయినవి తీసెయ్యాలని తోచలేదు. డ్రైవరు బస్సులు మారి ఒక పిండిమిల్లుకు వెళితే, యజమాని మంచినీళ్ళిచ్చి, "ఆ పని ఎప్పుడో అయిపోయింది బాబూ. మీ క్లబ్బు నుంచి రోజూ ఎవరో ఒకరు వస్తున్నారని ఈ కుర్చీ ఇక్కడే ఉంచేశాను" అన్నాడట. అది విన్న నాటి నుంచి సైటు బాబాయి పొద్దున్నే అందరికీ ఫోన్లు చేసి, ఖాళీ ఇంకా ఉందో లేదో కనుక్కునేవాడు.

ఆపైన వచ్చింది ప్రార్థనల పేజీ. మంగళవారం రాలేనివాళ్ళు, ఎవరి కోసం ఏమని ప్రార్థించాలో తెలియడం లేదన్నారు. ఈయన తన చీటీల పద్ధతిలోనే పేరు, పని, కష్టం వరుసగా పెట్టాడు.

"ఇంటిపేరు కూడా ఎందుకు నాయనా? దేవుడికి తెలియదా?" అన్నాడు పెద్దాయన.

"దేవుడికి తెలుసండీ. తికమకంతా మనవాళ్ళకే."

మనవాళ్ళు సంతోషించారు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తెరిచి, పేరుపేరునా ప్రార్థించారు.

ఆ పేర్లలో ఒకటి లెక్కల అమ్మాయిది. బట్టల దుకాణంలో లెక్కలు రాస్తూ కళ్ళు తిరిగి పడిపోతుంటే వాళ్ళు మానిపించారు. వైద్యం చేయించుకుంది, నయమైంది. "మన అమ్మాయికి స్పృహ తప్పే జబ్బు తగ్గాలి, మళ్ళీ ఉద్యోగం దొరకాలి" అన్న చీటీ మాత్రం పేజీ మీద అలాగే ఉండిపోయింది. తరువాత ఒక బడి ఆఫీసులో ఉద్యోగానికి పరీక్ష నెగ్గింది. వచ్చి చేరమన్నవాళ్ళు, ఆ తరువాత వద్దన్నారు. అక్కడ ఊడ్చే ఆవిడ జాలిపడి, గేటు దాకా వచ్చి సంగతి చెప్పింది. మేనేజరు ఈ అమ్మాయి పేరు కొట్టి చూశాడట. అన్నిటికంటే పైన ప్రార్థనే వచ్చింది. ప్రేమతో తెరిచి తెరిచి దాన్ని అంత పైకి ఎక్కించినవాళ్ళు క్లబ్బువాళ్ళే.

క్లబ్బులో టీ గ్లాసు చేతిలో పట్టుకుని ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది. "బాబాయ్, మీరు మంచికే రాశారు. కానీ నా జబ్బు నాకంటే ముందు వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది."

అప్పటికప్పుడే పేజీ మొత్తం తీసేశాడు. సైటులోంచి పోయింది గాని వెతికితే ఆ వాక్యం ఇంకా కనబడుతూనే ఉంది. తీసెయ్యమని వెతుకులాట నడిపే కంపెనీకి రాసుకున్నాడు. ఉలుకూ పలుకూ లేదు. ఈలోగా ఆ అమ్మాయికి ఒక ప్రింటింగు ప్రెస్సు నుంచి పిలుపొచ్చింది, వచ్చే సోమవారం రమ్మని. ఇక ఆయనకు కాలు నిలవలేదు. కూర్చుంటే లేచేవాడు, బాగానే ఉన్న కుళాయిలు బిగించేవాడు, వీధి చివరిదాకా వెళ్ళి ఎందుకొచ్చాడో మరిచి తిరిగొచ్చేవాడు. భార్య చల్లారిన అన్నాన్ని మళ్ళీ వేడిచేసి పెట్టేది.

"సైటు మూసేస్తానండీ" అన్నాడు పెద్దాయనతో.

"మూస్తే ఆ వాక్యం పోతుందా?"

"వెంటనే పోదండీ."

"మరి ఆ పిల్ల పేరు కొడితే ఇంకేం వస్తుంది?"

"ఏమీ రాదు. అదొక్కటే."

"అదొక్కటేనా!" అని పెద్దాయన ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ 'అదొక్కటే' ఇంటికి వెళ్ళనివ్వలేదు. దారి మార్చి నేరుగా లెక్కల అమ్మాయి ఇంటికి నడిచాడు. వాళ్ళమ్మ స్టూలు తుడిచి వేసింది. అమ్మాయి సోమవారానికి బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది.

"మళ్ళీ నా పేరు పెడదామని రాలేదు కదా బాబాయ్?"

ఆయన స్టూలు అంచునే కూర్చున్నాడు.

"దానికే వచ్చాను తల్లీ. కాదనే హక్కు నీకుంది. ఈసారి నీ కష్టం కాదు, నీ పని. నీకు వచ్చిన పనేంటో నీ నోటితో నువ్వే చెప్పు, నేను ఊరికే టైపు కొడతాను. నువ్వు చదివి సరే అంటేనే ఎక్కుతుంది, తియ్యమన్న రోజు పోతుంది. ఆ ఒక్క వాక్యం పక్కన నీ మాట కూడా ఉండనీ అమ్మా. ఈ ఒక్క సాయం చేసిపెట్టు."