కారు బుష్షులకు చేప నూనె

మా ఆయన వరహాలు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. సముద్రంలో చేపల వేట మానేసి ఒక పాత కారు కొన్నాడు. వెనక సీటు పీకేసి చేపల ట్రేలు పెట్టాడు. పెదజాలారిపేట నుంచి తగరపువలస మార్కెట్టుకు మేమిద్దరం రోజూ అందులోనే వెళతాం. స్టీరింగు ఆయనది, పక్క సీటూ బేరమూ నావి.

ఆదివారం వస్తే చాలు, కారు కింద దూరి చేప నూనె పూస్తాడు. ఉప్పునీళ్లకు పాడవకుండా వాళ్ల నాన్న పడవకు పూసేవాడట, ఈయన కారుకు పూస్తాడు. ఆ కంపు నా చీరలకు కూడా పట్టింది.

మొన్న ఆనందపురం దాటాక బ్రేకు వేస్తే కారు ఎడమకు లాగేసింది. రోడ్డు పక్కన ఆగిన లారీకీ నా తలుపుకీ మధ్య జానెడు దూరం. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయనేమో రోడ్డు బాగోలేదన్నాడు. రోడ్డట! నాకు ఒళ్లు మండిపోయింది.

మెకానిక్ దేవీప్రసాద్ చక్రం విప్పి చూపించాడు. చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప కడ్డీకి ఉంగరాల్లాంటి రబ్బరు బుష్షులుంటాయి. అవి నానిన అట్టుముక్కల్లా ఉబ్బి చీలిపోయాయి, బ్రేకు వేస్తే కారు పక్కకు లాగింది అందుకేనట. నూనె తగిలితే రబ్బరు ఇలాగే పాడవుతుందని మంచిగానే చెప్పాడు. అంతే, మా ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఉప్పు సంగతి తనకు చెప్పేవాడు ఇంకా పుట్టలేదంటూ, కొత్త బుష్షులు కొనుక్కుని కారు ఇంటికి తెచ్చేశాడు.

వాకిట్లో జాకీ ఎక్కించి, కింద దిమ్మలు పెట్టి పనికి దిగాడు. ఉన్నమాట చెప్పాలి, పని బాగానే చేశాడు. పాతవి పీకి, కొత్తవి సబ్బునీళ్లు రాసి దింపాడు. కారు కిందకు దించి, బరువు చక్రాల మీద పడ్డాకే బోల్టులు గట్టిగా బిగించాడు. అమ్మయ్య అనుకున్నానో లేదో, నూనె డబ్బా తెచ్చి పూయడం మొదలుపెట్టాడు.

"మీ అయ్య పడవకి రబ్బరుందేటి మావా?" అన్నాను.

"నీకు తెల్దు, ఊరుకోయే. ఏటీ అవ్వదు."

ఏటీ అవ్వదట! ఆ రోజు లారీ వైపు కూర్చున్నది తను కాదు కదా.

"అయితే రేపు మన ధనలక్ష్మిని ముందు సీట్లో కూకోబెట్టు. నాను ఎనకాల ట్రేల మద్దిన కూకుంటాను," అన్నాను.

కూతురి పేరు వినగానే ఆయన చెయ్యి ఆగిపోయింది. డబ్బా పక్కన పెట్టాడు. భుజం మీది తువ్వాలు తీసి, పూసిన నూనెంతా తుడిచాడు.

ఇప్పుడు కారు తిన్నగా పోతోంది. మొగుడు మాట విన్నాడు, సంతోషించవే అంటారు అందరూ. ఏం చూసి సంతోషించాలి? కూతురు కూర్చుంటుందనగానే భయమేసిన మనిషికి, ఇన్నేళ్లూ ఆ సీట్లో పెళ్లాం కూర్చుందన్న సంగతి పట్టనే లేదు.