తలుపు చప్పుడు లేని ఎడిషన్

మా అలమారా పై అరలో ఒకే ఆటకు సంబంధించిన పుస్తకాలు మూడున్నాయి. మొదటి ఎడిషన్, రెండో ఎడిషన్, మూడో ఎడిషన్. ఏది గొప్పదని ఎవరైనా అడిగితే ఒకప్పుడు కొట్లాటకు దిగేవాడిని. మొదటిదే గొప్పది, మిగతావన్నీ దండగ అని నా వాదన. ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. అడిగినా కొట్లాటకు దిగను.

తెలియని వాళ్లకోసం చెప్తాను. ఈ ఆటలో ఒకడు కథ చెబుతాడు, మిగతావాళ్లు ఆ కథలో తలా ఒక పాత్ర అవుతారు. "ఎదురుగా చీకటి మెట్లున్నయ్, ఏం జేస్తరు?" అని కథకుడు అడుగుతాడు. వాళ్లు చేస్తామన్నది జరుగుతుందో లేదో పాచికలు తేలుస్తాయి. మాలో కథకుడిని నేను. వారమంతా పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీ స్టోర్స్‌లో డబ్బాలకు కాపలా కాసి, ఆదివారం మధ్యాహ్నం సంగారెడ్డిలో నా కిరాయి గదిలో లోకాలు ఏలేవాడిని.

మొదటి ఎడిషన్ సన్నటి పుస్తకం. మాది దాని జిరాక్స్, బొమ్మలు సగం నల్లగా పడ్డాయి. అందులో రూల్స్ తక్కువ, అంతా మాటే. పుస్తకంలో కోట ఉంటే నేను దాన్ని దొరల గడి చేశాను. గడి తలుపు తెరుచుకునే చప్పుడు నోటితో నేనే చేసేవాడిని. గొంతు బొంగురు చేసి, పొట్టలోంచి తీసి, కింద పోర్షన్ వాళ్లు ఏమైందని బయటికొచ్చేంత గట్టిగా చేసేవాడిని. ఆ చప్పుడంటే నాకు గర్వం. ఇప్పటికీ గర్వమే.

ఆడేవాళ్లు ముగ్గురు. ఇద్దరు మా కంపెనీవాళ్లే. మూడోవాడు నాతో కలిసి బడికి వెళ్లిన నేస్తం, ఇస్మాయిల్‌ఖాన్‌పేటవాడు. ఎర్రగా కాల్చిన ఇనుమును పెద్ద సుత్తెల మిషన్ కింద సాగగొట్టే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆటలో వాడంత మొండివాడు లేడు. లోపల ఎంతమంది ఉన్నారు, ఇంకో దారి ఉందా అని మిగతా ఇద్దరూ నన్ను తినేస్తుంటే, వాడు గోడకు ఆనుకుని నా మొహమే చూస్తూ కూర్చుని, ఒక్కసారిగా "తలుపు తీస్తున్న" అనేవాడు. వాడి వల్ల మా వాళ్లు ఎన్నిసార్లు చచ్చారో! "వీనికి పానమంటే లెక్కలేదు రా" అని నవ్వుకునేవాళ్లం. వాడూ మాతోపాటు నవ్వేవాడు.

తర్వాత రెండో ఎడిషన్ వచ్చింది. లావుపాటి పుస్తకం, గళ్లగళ్ల మ్యాపు, ప్లాస్టిక్ బొమ్మలు. ఎవరెక్కడున్నారో, ఎన్ని గళ్లు కదలాలో అన్నీ కళ్లముందే. కొనడమైతే కొన్నాను గానీ ఒక్కపూటకే నాకు ఒళ్లు మండిపోయింది. "చెవులుండి కథ వినరానోళ్లకు కావాలె గీ బొమ్మలు" అని అందరిముందూ డబ్బా మూసేశాను. ఎవరి ముందు అన్నానో నాకప్పుడు తెలియదు.

కొన్నాళ్లకు మా కంపెనీవాళ్లలో ఒకడు జహీరాబాద్ వెళ్లిపోయాడు, ఇంకొకడి షిఫ్టు మారింది. నా నేస్తమూ రావడం మానేశాడు. ఫోన్ చేస్తే ఎత్తడు. నాకు కోపమొచ్చింది, నేనూ చేయడం మానేశాను. చివరికి వాడి భార్య ఫోన్ చేసింది.

"కోపం జెయ్యకు అన్నా. ఆయినకు ఇనొస్తలేదు. పెండ్లైన కొత్తలనే జెర తక్కువుండె. ఇప్పుడు మొత్తానికే పోయింది."

చెవుల్లో పెట్టుకోమని ఫ్యాక్టరీలో బిరడాలు ఇచ్చారట. పెట్టుకుంటే పక్కవాడు వేసే కేక వినపడదు. ఆ కేక వినపడకపోతే మిషన్ కింద చెయ్యి పోతుంది. అందుకని అక్కడెవరూ పెట్టుకోరు. నరం చచ్చిపోయింది, ఇక రాదు అన్నాడు డాక్టర్. చెవి మిషన్ పెట్టి చూస్తే గుయ్‌మని రొద తప్ప ఒక్క మాటా తెలియలేదట.

నాకు ఏడుపొచ్చింది. ఆ తర్వాత, నా బుద్ధి అంతే కాబట్టి, ఏ ఎడిషన్ అయితే వీడితో మళ్లీ ఆడొచ్చు అని ఆలోచించాను. మూడో ఎడిషన్‌లో పుస్తకం కథకుడి దగ్గరుంటుంది, ఆట మాత్రం ఫోన్‌లో, కథంతా రాతలోనే. అదే మేలనుకుని కొని, వాడి ఫోన్‌కు కథ పంపాను. కానీ వాడు ఏడో తరగతితో బడి మానేసినవాడు. అక్షరాలు కూడబలుక్కునేసరికి కథ చల్లారిపోయేది. కొంచెం ఆడి, "ఇడ్సిపెట్టు బై, బడికి పోయినట్టుంది" అని మాట రికార్డు చేసి పంపాడు.

ఇక మిగిలింది నేను తిట్టిపోసిన రెండోదే. దుమ్ము దులిపి, ఒక ఆదివారం వాళ్లింటికి తీసుకెళ్లాను. బండల మీద మ్యాపు పరిచాను. పోయిన బొమ్మల బదులు చొక్కా గుండీలు పెట్టాను. గడి, బురుజు, కాపలావాళ్లు, తలుపు. ఏది ఏంటో వేలితో చూపించాను.

వాడు వంగి చాలాసేపు చూశాడు. తర్వాత బొమ్మను నేరుగా తలుపు దగ్గరికి నడపకుండా గోడ వెంబడి నడిపాడు. మూల దగ్గర ఆగాడు. కాపలావాడికి కనిపించే గళ్లు వేలితో కొలిచి, వాటిని తప్పించుకుని వెనక నుంచి వచ్చాడు. మిగతా ఇద్దరి బొమ్మలూ వాడే నడిపి, ఎవడినీ చావనివ్వలేదు. మా మొండివాడు ఇంత జాగ్రత్తగా ఆడగలడని నాకు ఇన్నేళ్లూ తెలియదు. నాకు ప్రాణం లేచొచ్చింది. ప్రతి ఆదివారం వస్తాననుకున్నాను, మిగతా ఇద్దరినీ పిలుద్దామనుకున్నాను. తలుపు చూపించి, మరి అప్పుడెందుకు దూకేవాడివి అని చేతులతో అడిగాను.

సుత్తెల రొదలో మాట్లాడినట్టు వాడు గట్టిగా చెప్పాడు. "గప్పుడు నువ్వు జెప్పేది సగం ఇనొస్తలేకుండె రా. ఆ తలుపు సప్పుడొక్కటే మంచిగ ఇనొస్తుండె. గందుకే తలుపు తీస్త అంటుంటి."

నేను మ్యాపు వైపు చూశాను. అది వాడికి సరిపోయే ఎడిషనే. గళ్లన్నీ కనిపిస్తున్నాయి, ఏదీ తక్కువ లేదు. వాడు మాత్రం బొమ్మను తలుపు ముందున్న గళ్లో పెట్టి, దానిమీద వేలు ఉంచి, కదపకుండా కూర్చున్నాడు.

"జెర ఆ సప్పుడు జెయ్యి" అన్నాడు.

చేశాను. పొట్టలోంచి, గొంతు చీరుకుపోయేలా చేశాను. వంటింట్లోంచి వాడి భార్య పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. వాడు నా నోటివైపే చూస్తున్నాడు. నేను నోరు మూశాక కూడా ఇంకాసేపు చూశాడు.

"జేసినవా?" అని అడిగాడు.