ప్రమీల మేడం అడిగే ప్రశ్నలు

ఈ ఉదయం గోపన్‌పల్లిలో ఒక కొత్త ఫ్లాటు తలుపు తీయగానే ప్లైవుడ్ జిగురు ఘాటు ముక్కుకు కొట్టింది. ఆ వాసన తగిలితే నాకు ప్రమీల మేడం గుర్తొస్తారు, వెంటనే చిరాకూ వస్తుంది. ఇంటీరియర్ డిజైన్ చదువు ముగించి నేను మొదట చేరింది మాదాపూర్‌లో ఆవిడ ఆఫీసులోనే.

చేరిన వారమంతా నాచేత ఒక్క గీత గీయించలేదు. మేము మార్చబోయే ఒక కంపెనీ ఆఫీసుకు పంపి, అక్కడ ఊరికే కూర్చోమన్నారు. సాయంత్రం వచ్చి కొలతలు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టేవారు.

"కొలతలు టేపు చెబుతుందమ్మా. ఏడుపొస్తే అక్కడి ఆడపిల్లలు ఎక్కడికెళ్తున్నారో చూశావా?"

"బాత్రూంకు పోతరు మేడం, ఇంకెక్కడికి పోతరు?" అన్నాను, విసుగు దాచుకోకుండానే.

"వాళ్లకు ఇంకో చోటు లేదు. మనం సిగ్గుపడాల్సింది అందుకే," అన్నారు.

చివరికి గీయనిచ్చారు. అంతా అద్దాలతో నేను ముచ్చటపడి వేసిన ప్లానులో ఒక మూల గోడలున్న చిన్న గది ఇరికించారు. కంపెనీ మేనేజరు ఆ చోట ఇంకో నాలుగు సీట్లు పడతాయన్నాడు. "గది తీసేస్తే నేనూ ఉండనండి," అని మేడం ప్లాను చుట్టుకుని లేచారు. ఆ కంపెనీ పని మా చేయిజారిపోయింది. నెలల తరబడి నేను పడ్డ కష్టమూ దానితోనే పోయింది.

లిఫ్టులో ఆగలేకపోయాను. "జర తగ్గితే ఏమైతుండె మేడం?"

"ఒకసారి తగ్గితే అదే అలవాటవుతుంది."

ఆ నెలలోనే రాజీనామా ఇచ్చాను. "వేరే చోట త్వరగా పైకొస్తావమ్మా," అన్నారు. అది దీవెనో ఎత్తిపొడుపో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఈ రోజు ఫ్లాటువాళ్లు ప్లానుకు ఒప్పేసుకున్నారు. సంతకం పెట్టబోతున్న భర్తను నేనే ఆపాను, నోరు ఊరుకోక.

"ఇంట్లో అందరికన్నా ముందు లేచేదెవరు?"

"నేనే," అంది భార్య. "పిల్లలు లేస్తరని లైటు వెయ్యకుండ, వంటింట్ల నిలబడే చాయ్ తాగుత."

"ఏంది, కూసోవా?" అన్నాడు భర్త.

"ఎక్కడ కూసోవాలె?"

అతను సంతకం పెట్టకుండానే పెన్నుకు మూత పెట్టాడు. వంటింటి గోడంతా మళ్లీ గీయాలి. వడ్రంగికి ఫోన్ చేసి రేపు మొదలెట్టాల్సిన వంటింటి పని ఆపమంటే అతను గొణిగాడు. నేనూ మేడంని తిట్టుకుంటూనే కింద కూర్చుని, కిటికీ పక్కన ఒక మనిషికి సరిపడా చోటు గీశాను.